ఎడమ చెవిలో గంట

2024 నవంబర్ 10, ఆదివారం

చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, విద్యాధర్ ఫోన్. ఎన్నాళ్లకో ఆ గొంతు. హైదరాబాద్‌లో నేను సినిమా రికార్డింగులకి వయొలిన్ వాయించే రోజుల్లో అతను మ్యూజిక్ అరేంజర్ దగ్గర అసిస్టెంట్. నాది కరీంనగర్, అతనిది ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ. యాస కలిసి క్యాంటీన్‌లో ఒకే టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లం. తర్వాత కంప్యూటర్లే వయొలిన్ వాయించడం నేర్చుకున్నాయి. నేను ఇంటికి వచ్చేసి స్కూల్లో మ్యూజిక్ టీచర్నయ్యాను. అతను సొంతంగా ఏదో రాసుకుంటున్నాడని వినడమే.

ఇప్పుడు రాశాడట. సినిమాకి కాదు. వయొలిన్, చెల్లో, క్లారినెట్, ముగ్గురు మనుషులు. పాట లేదు, మాట లేదు. పేరు 'ఐదు వస్తువులు'.

పోయినేడు వాళ్ల పత్తిచేనులో నీటికుంట తవ్వుతుంటే జేసీబీకి గుండ్రంగా పేర్చిన రాళ్లు తగిలాయట. వాటి కింద ఏనాటిదో సమాధి. క్రీస్తుకి ముందుదే అయి ఉంటుందని చూసినవాళ్లు అన్నారట. అందులో కుండ, ఎర్రపూసలు, ఇనప గొడ్డలి, చిన్న కంచు గంట దొరికాయి. అన్నీ మ్యూజియం వాళ్లకి అప్పజెప్పారు. అప్పజెప్పే ముందు విద్యాధర్ వాటిని తట్టి, గీకి, ఊపి చప్పుళ్లు రికార్డు చేసుకున్నాడు. గంటకి పగులుందట. కొడితే ఒకేసారి రెండు గొంతులు పలుకుతుందట.

నాలుగే చెప్పావు, ఐదోది ఏది అన్నాను. ఇంకా దొరకలేదు అని నవ్వాడు.

ఫిబ్రవరి ఒకటిన ఆదిలాబాద్‌లో కచేరీ. నా పేరు విడిగా వేస్తాడట. నేను వాయించిన పాటలు ఊరూరా మోగాయి. ఎక్కడా నా పేరు లేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏమీ లేదని అతనికీ తెలుసు.

బాపుకి చెప్పాను. బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరై ఇప్పుడు చర్చి కొయిర్‌కి కండక్టర్. టికెట్ లేకుంటే దింపినట్టే శ్రుతి లేకుంటే దింపేస్తాడని కొయిర్‌లో పిల్లలు అంటారు. అంతా విని, ఎవరి చేను అని అడిగాడు. జలపతిరావు గారిది, విద్యాధర్ వాళ్ల నాన్న అన్నాను. బాపు ఉద్యోగానికి కరీంనగర్ రాకముందు, మా తాత ఆ ఇంట్లోనే పాలేరుగా జీతం ఉన్నాడు. ఆ చేనులోనే నాగలి పట్టాడు. బాపు టవల్ దులుపుకుని, దొర చేన్ల ఏది దొర్కినా దొరదే గదా బిడ్డా అని లేచిపోయాడు.

పొమ్మనలేదు. వద్దనీ అనలేదు.

నవంబర్ 13

మ్యూజిక్ స్కోరు వచ్చింది, కట్టెడు నోట్స్ కాగితాలు. ఏమీ అర్థం కాలేదు.

నవంబర్ 16

మళ్లీ చూశాను. నోట్ల పక్కన చిన్న చిన్న బాణాలు. కిందికి బాణం అంటే ఆ స్వరానికి కొంచెం కింద, పక్క స్వరం దాకా పోకుండా మధ్యలో ఎక్కడో ఆగాలి. గంట అక్కడ పలుకుతుందట. ఎక్కడ అంటే 'అక్కడే' అంటాడు విద్యాధర్.

ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని సాధన చేస్తున్నాను. స్వరం సరిగా పడితే సూది ఆకుపచ్చగా మారుతుంది, తప్పితే ఎర్రగా. ఈ మ్యూజిక్‌లో సరిగ్గా వాయిస్తే ఎరుపు. ఆకుపచ్చ వచ్చిందంటే తప్పు వాయించినట్టు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదంతా తలకిందులు చేసుకుని నిలబడ్డట్టుంది.

కన్నతల్లి, అవ్వే వంటింట్లోంచి వచ్చి, తీగె తెగిందా అని అడిగింది.

నవంబర్ 23, శనివారం. ఇచ్చోడ.

నిర్మల్‌లో బస్సు మారి ఇచ్చోడలో దిగాను. రోడ్డంతా పత్తి లారీలు. రాలిన పత్తి తుమ్మకంపలకి పట్టుకుని ఊగుతోంది.

విద్యాధర్ జుట్టు నెరిసింది. చెల్లో వాయించే అమ్మాయి నవీన, హైదరాబాద్ నుంచి వచ్చింది. చాలా చిన్నపిల్ల. నన్ను చూడగానే అక్కా అంది. క్లారినెట్ ఆయన పర్శరాములు, ఇచ్చోడ పెళ్లి బ్యాండులో వాయిస్తాడు. నోట్స్ చదవడం రాదు. విద్యాధర్ పాడి వాయిస్ మెసేజ్ పెడితే విని పట్టుకుంటాడు. మొదటి భాగం అవగానే క్లారినెట్ తుడుచుకుంటూ, మేడం, గిది బారాత్ల వాయిస్తే పెండ్లిపిల్ల వెనక్కి పోతది అన్నాడు. నవీన నవ్వి కుర్చీలోంచి పడబోయింది. విద్యాధర్ నవ్వలేదు.

జలపతిరావు గారు వరండాలో కూర్చుని అంతా విన్నారు. మీ నాయిన పేరేందమ్మా అని అడిగారు. తోమాసు అన్నాను. ఏ తోమాసు అన్నారు. తాత పేరు చెప్పాను. ఆయన, అట్లనా, మంచిది అన్నారు. ఏది మంచిదో తెలియలేదు. విద్యాధర్ వాళ్ల అమ్మ సరళాదేవి గారు చాయ్ ఇచ్చారు. అవ్వకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్తే, ఏ కప్పుల ఇచ్చింది అని అడిగింది. అందరికీ ఇచ్చిన కప్పులోనే అన్నాను. 

పొద్దు గుంకే ముందు విద్యాధర్ మమ్మల్ని చేనుకి తీసుకెళ్లాడు. కుంటలో నీళ్లున్నాయి. సమాధి ఎక్కడుండేది అంటే నీళ్ల మధ్యకి చెయ్యి చూపించాడు. గాలి కోసేస్తోంది. చున్నీ చెవులకి కట్టుకున్నా ఆగలేదు.

నవంబర్ 26

జలుబు. ఎడమ చెవి దిబ్బడ. వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు.

నవంబర్ 28

వింతగా ఉంది. స్కూల్లో ప్రార్థనకి కీబోర్డు మీద 'స' నొక్కాను. రెండు వినిపించాయి. ఒకటి మామూలుది. రెండోది దానికి కొంచెం కింద, తడిసిన గోడకి తగిలి వచ్చినట్టు. కీబోర్డు పాడైందేమో అనుకుని ఇంటికి వచ్చి వయొలిన్ తీశాను. వయొలిన్‌లోనూ రెండు.

అప్పుడు తట్టింది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం రెండు గంటలు స్కోరుతో పాటు వచ్చిన ఆ గంట రికార్డింగే వింటున్నాను. చెవి నిండా అదే. విద్యాధర్‌కి ఫోన్ చేసి, ఏది విన్నా నాకు నీ గంటలాగే వినిపిస్తోంది అన్నాను. ఎగిరి గంతేశాడు. అదే కావాల్నే ఆరాధనా, నువ్వు గంట లోపలికి పోయినవ్ అన్నాడు. ముగ్గురిలో నాకే ముందు అందిందట.

గర్వంగా అనిపించింది. అబద్ధం ఎందుకు, చాలా గర్వంగా అనిపించింది.

డిసెంబర్ 2

నాలుగో భాగం, గంట, అదే వచ్చేస్తోంది. బాణాలు చూడకుండానే వేళ్లు పోతున్నాయి. మామూలు పాటలే విసుగ్గా ఉన్నాయి. పిల్లల రైమ్స్ కూడా వంకరగా వినిపిస్తున్నాయి. దిబ్బడ ఇంకా తగ్గలేదు. ఆవిరి పట్టాను.

డిసెంబర్ 8, ఆదివారం

ఎట్లా రాయాలో తెలియట్లేదు.

ఈ రోజు చర్చి ఆరాధనలో రెండో కీర్తనకి ముందు నేను వయొలిన్ మీద ఎత్తుగడ వాయించాలి, దాన్ని పట్టుకుని కొయిర్ పాడాలి. ఎన్నేళ్లుగానో చేస్తున్న పనే. వాయించాను. కొయిర్ ఎత్తుకుంది. బాపు చెయ్యి పైకెత్తి ఆపేశాడు. జనం ముందు, పాస్టర్ గారు వెనక కూర్చుని ఉండగా. మళ్లీ అన్నట్టు నావైపు చెయ్యి ఊపాడు. మళ్లీ వాయించాను. మళ్లీ ఆపాడు. ఈసారి నావైపు చూడకుండా తనే గొంతుతో శ్రుతి ఇచ్చాడు. వయొలిన్ లేకుండా పాడేశారు. నేను కమాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బయటికి వచ్చాక బండి తీస్తూ బాపు, ఆ దొర పాట నీ చెవిని ఖరాబ్ చేసింది, ఇడిసిపెట్టు అన్నాడు. కోపంగా అనలేదు. భయపడినట్టు అన్నాడు. నేను సరిగ్గానే వాయించాను బాపూ అన్నాను. లేదు బిడ్డా అన్నాడు.

ఇంటికి వచ్చి యాప్ పెట్టాను. తెలిసిన కీర్తన, బాణాలు లేని మామూలు స్వరాలు. ఎర్రగా వచ్చింది. నాకు సరిగా వినిపించేదాకా సవరించాను. ఇంకా ఎర్రబడింది. కుడి చెవి మూసుకుని విన్నాను. తర్వాత ఎడమ చెవి మూసుకున్నాను. స్వరం మారిపోయింది. తీగ అదే, వేలు అక్కడే ఉంది. స్వరం మారిపోయింది.

గంట కాదు. విద్యాధర్ మ్యూజిక్ కాదు. నా చెవే.

డిసెంబర్ 10

ఈఎన్‌టీ డాక్టర్. గాజు తలుపుల పెట్టెలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టారు. కుడివైపు చప్పుళ్లన్నిటికీ బటన్ నొక్కాను. ఎడమవైపు ఇంకా మొదలుపెట్టలేదనుకుని కూర్చున్నాను. మొదలుపెట్టి చాలాసేపయిందట.

లోపలి చెవి దెబ్బతింది. వైరస్ కావచ్చు, కాకపోవచ్చు. ఒకే స్వరం రెండు చెవులకి రెండుగా వినిపించడానికి ఒక పేరు రాసిచ్చాడు, డిప్లాక్యూసిస్. మొదటి వారంలో వస్తే బాగుండేదమ్మా, ఇన్ని రోజులు ఏం చేసిండ్రు అన్నాడు.

ఏం చేశానని చెప్పను? కొత్త మ్యూజిక్ అర్థమవుతోందని సంతోషపడుతూ కూర్చున్నాను.

వయొలిన్ పట్టుకునేది ఎడమ భుజం మీద. అది పాడేది ఎడమ చెవిలోకే.

డిసెంబర్ 11

అవ్వ చెవిలో ఎల్లిగడ్డ నూనె పోస్తానంది. డాక్టర్ వద్దన్నాడని చెప్పాను. డాక్టర్ను కన్నది గూడ ఒక అవ్వనే అంది.

 రాత్రి అన్నం దగ్గర బాపు, కొయిర్ల ఆపినందుకు తప్పువట్టకు అన్నాడు. నువ్వు ఆపకపోతే ఇంకా తెలిసేది కాదు బాపూ అన్నాను. 

డిసెంబర్ 17

స్టెరాయిడ్ మాత్రలు, చెవిపొరలోకి సూదులు. ముఖం ఉబ్బింది. ఆకలి ఆగట్లేదు. జర తేరుకున్నవ్ అని అవ్వ సంబరపడుతోంది.

డిసెంబర్ 25, బుధవారం

కొయిర్‌లో కాకుండా జనంలో కూర్చున్నాను. ప్రతి పాటా రెండు కొయిర్లు పాడినట్టుంది.

2025 జనవరి 4, శనివారం

ఆదిలాబాద్‌లో రిహార్సల్. అక్కడ చెవి సంగతి ఎవరికీ చెప్పలేదు.  పేరు కోసమా? ఏమో. ఎడమ చెవిలో చిన్న దూది పెట్టుకుని జుట్టు కప్పుకున్నాను. వేళ్లు ఎక్కడ పడాలో వేళ్లకి తెలుసు. వాటినే నమ్ముకున్నాను.

విద్యాధర్ బాగుంది బాగుంది అంటూనే ఉన్నాడు. నిజంగా బాగుందా, అతనికీ తెలియట్లేదా? ఆ గంట భాగంలో ఎవరు తప్పినా తెలుసుకునే దారే లేదు. అది నాకు ఆసరా. అదే నాకు అసహ్యంగానూ ఉంది.

నవీన నా ఎడమ పక్క కూర్చుంటుంది. విరామంలో ఏదో అడిగిందట, నేను పలకలేదట. మళ్లీ అడిగిందట. చాయ్ దగ్గర కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, నేనేమన్న తప్పు చేసిన్నా అక్కా అంది. నేను ఆ పిల్లని పక్కకి తీసుకెళ్లి చెప్పేశాను. అది లోపలికి పోయి తన కుర్చీ ఎత్తి నా కుడిపక్కన వేసుకుంది. ఎందుకని విద్యాధర్ అడిగితే, ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగురుతున్నయ్ సార్ అంది.

జనవరి 18

చెప్పాను.

రిహార్సల్ అయిపోయాక హాల్ బయట మెట్ల మీద. ఆపుకోలేక గబగబా చెప్పేశాను. ఇంకో మనిషిని చూసుకో, ఇంకా టైముంది అన్నాను.  విద్యాధర్ అడిగిన మొదటి మాట, నొప్పి ఉందా అని. లేదన్నాను. రెండో మాట, రెండు స్వరాలకీ దూరం ఎంత అని.

ల్యాప్‌టాప్ తెరిచాడు. ఒక్కో స్వరం వినిపిస్తూ ఎడమవైపు ఏది వినిపిస్తోంది, కుడివైపు ఏది, పాడి చూపించు అన్నాడు. పాడాను. రికార్డు చేసుకున్నాడు. పైస్వరాల్లో ఎక్కువ తేడా, కింది స్వరాల్లో తక్కువ. అతని ముఖం వెలిగిపోతోంది. నాకు కూడా మొదట బాగానే అనిపించింది. ఎవరికీ అర్థం కానిది ఒకరు కూర్చుని వింటున్నారు కదా. ఇది గిఫ్ట్ ఆరాధనా అన్నాడు.

బస్సు నిర్మల్ దాటేదాకా ఆ మాట నమిలాను. అది ఓదార్పా? నన్ను తవ్వుతున్నాడా?

జనవరి 20

మెయిల్‌లో ఒక పేజీ వచ్చింది. ఐదో భాగం. వయొలిన్ ఒక్కటే. రెండు తీగల మీద దాదాపు ఒకే స్వరం, కలవాలని చూస్తూ కలవకుండా కడదాకా పక్కపక్కన నడవాలి.

పైన పేరు: 'ఆరాధన చెవి'.

కింద ఒక లైను. ఐదోది దొరికింది.

జనవరి 21

నిన్నటి నుంచి ఒళ్లు మండుతోంది. కుండ, పూసలు, గొడ్డలి, గంట, ఆరాధన చెవి. చచ్చిన వాళ్ల సామాను పక్కన నా చెవి. బాపు ఆ రోజు టవల్ దులుపుతూ అన్న మాటకి అర్థం ఇప్పుడు తెలుస్తోంది.

ఫోన్ చేసి, నేను వాయించను అన్నాను. ఈ పేజీ వద్దా, మొత్తమే వద్దా అన్నాడు. మొత్తమే అన్నాను. ఇది నా మ్యూజిక్, ఏం రాయాలో నా ఇష్టం అన్నాడు. చెవి నాది అన్నాను. పది రోజుల్ల కచేరీ పెట్టుకుని గిట్ల చేస్తే ఎట్ల అని అరిచాడు. ఎడమ చెవికి ఫోన్ మార్చుకున్నాను. ఎక్కడో నీళ్లలోంచి అరుస్తున్నట్టుంది.

ఇక్కడ ఒకటి రాసుకోవాలి. ఎవరూ చూడరు కాబట్టి. పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పేజీ వాయించాను. బాగుంది. మిగతా నాలుగు భాగాలకన్నా చాలా బాగుంది. నవంబర్ నుంచి నాకు జరుగుతున్నది ఎవరికీ చెప్పలేకపోయాను, డాక్టర్‌కీ, బాపుకీ. ఆ పేజీలో అదంతా ఉంది. అంత బాగా రాయకపోయి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని.

జనవరి 24, శుక్రవారం

స్కూలు నుంచి వచ్చేసరికి విద్యాధర్ మా ఇంట్లో ఉన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని. అవ్వ చాయ్ ఇచ్చింది. బాపు ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ ఎంతసేపటి నుంచి అట్లా కూర్చున్నారో, ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నేను రాగానే బాపు లేచి లోపలికి పోయాడు. తలుపు మాత్రం మూయలేదు.

విద్యాధర్ తప్పయింది అన్నాడు. ఐదోది ఏమీ లేదట. మొదటి నుంచీ లేదట. అంకె బాగుందని ఐదు అని పేరు పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్ని నెలలు కూర్చున్నా ఒక్క గీత రాలేదు. ఏడాది పని, ముగింపు లేదు. వాళ్ల నాన్నకి ముఖం చూపించలేక రాసేశానని అబద్ధం చెప్పాడట. ఆ రోజు మెట్ల మీద నువ్వు చెప్తుంటే నాకు ఐదోది వినవడ్డది ఆరాధనా, నీ బాధ వినలే, అది వినవడ్డది అన్నాడు. దాచకుండా చెప్పాడు. అందుకు మెచ్చుకోవాలో, లేచి చెంప మీద కొట్టాలో తెలియలేదు.

పేరు తీసెయ్యి అన్నాను. సరే అన్నాడు. చెవి సంగతి ఎక్కడా రాయొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్నాను. సరే అన్నాడు. అప్పుడైతే వాయిస్తాను అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. లోపల బాపు దగ్గాడు.

అతను పోయాక అవ్వ కప్పు కడుగుతూ, గా పిలగాడు మొత్తం తాగిండు అంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను. చర్చికి పోలేదు. మొదటిసారి ఎవరూ ఎందుకని అడగలేదు.

ఆదిలాబాద్‌లో ఫంక్షన్ హాల్. స్టేజీ మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర సింహాసనాలు. బరువని ఎవరూ కదపలేదు. వాటి ముందు మా మూడు కుర్చీలు. వెనక ఫ్లెక్సీ మీద గంట బొమ్మ, కింద మా పేర్లు. నా పేరు విడిగానే వేశారు. 'ఆరధన' అని వేశారు. అందరూ నల్లచొక్కాలు వేసుకోవాలని విద్యాధర్ చెప్పాడు. పర్శరాములు బంగారు అంచున్న ఎర్ర బ్యాండుకోటు వేసుకుని వచ్చాడు. కచేరీ అంటిరి గదా సార్ అన్నాడు.

పత్తి జిన్నింగ్ మిల్లుల వాళ్లు, లెక్చరర్లు, జలపతిరావు గారి చుట్టాలు. నాలుగో వరసలో బాపు, అవ్వ. వస్తారని నాకు చెప్పలేదు.

కుండ బాగానే నడిచింది. పూసల దగ్గర నవీన పేజీ ముందే తిప్పేసి మళ్లీ దొరకబుచ్చుకుంది. గొడ్డలికి వెనక వరసలో ఎవరో మరాఠీలో గట్టిగా ఏదో అంటే కొందరు నవ్వారు. గంట దగ్గర పర్శరాములు కళ్లు మూసుకుని వాయించాడు, నేను కళ్లు తెరుచుకుని వేళ్లని చూస్తూ వాయించాను.

తర్వాత నేను ఒక్కదాన్నే. ఎడమ చెవిలో దూది తీసేశాను. ఎందుకు తీశానో చెప్పలేను, అది అడ్డంగా అనిపించింది, అంతే. రెండు తీగలు, రెండు చెవులు. హాల్లో వాళ్లకి రెండు వినిపిస్తే నాకు నాలుగు. అవి పక్కపక్కనే నడవాలి, కలవకూడదు, కడదాకా. అట్లా రాసి ఉంది. నేను నడిపించాను. చివరి లైనుకి వచ్చేసరికి ఆ నాలుగింటి మధ్యలో ఒక చోటు కనిపించింది. వేలు కొంచెం వెనక్కి జరిపితే ఎడమ చెవిలోది, కుడి చెవిలోది ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. నవంబర్ తర్వాత మొదటిసారి నాకు ఒకే ఒక స్వరం వినిపిస్తుంది. మిగతా అందరికీ అది తప్పు. పచ్చి తప్పు.

జరిపాను.

ఎంతసేపు పట్టుకుని ఉన్నానో తెలియదు. కమాను చివర దాకా వచ్చేసింది, వెనక్కి తిప్పి మళ్లీ లాగాను. స్కోరులో అది లేదు. ముందు వరసలో విద్యాధర్ తల వంచుకున్నాడు. ఆపాక చప్పట్లు వెంటనే రాలేదు. అయిపోయిందో లేదో వాళ్లకి తెలియలేదు. జలపతిరావు గారు పక్కాయన్ని అయిపోయిందా అని అడగడం కుడి చెవికి స్పష్టంగా వినిపించింది. అప్పుడు పర్శరాములు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వాయించినవాడే కొట్టేసరికి జనమూ కొట్టారు.

విద్యాధర్ దగ్గరికి వచ్చి, చివర్ల అట్ల ఎందుకు చేసినవ్ అన్నాడు. తెలియదు అన్నాను. నేను రాసింది అది కాదు అన్నాడు. తెలుసు అన్నాను.  కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమో మరేదో.

బస్టాండులో అవ్వ నిద్రపోయింది. బాపు నా కుడిపక్కకి వచ్చి కూర్చున్నాడు. ఆఖరిది తప్పు వాయించినవ్ బిడ్డా అన్నాడు. అవును బాపూ అన్నాను. నిద్రపోతున్న అవ్వ మీద తన టవల్ కప్పాడు. తప్పే, గని ఆపబుద్ధి గాలే అన్నాడు.

ఫిబ్రవరి 9

నవీన రికార్డింగ్ పంపింది. ఏ చెవితో వినాలి?

ఫిబ్రవరి 10

వినలేదు.

మార్చి 6

డాక్టర్ మళ్లీ పెట్టెలో కూర్చోబెట్టాడు. కొంత తిరిగి వచ్చింది. రావాల్సిందంతా వచ్చేసిందనుకోండి అన్నాడు. రెండు స్వరాల మధ్య దూరం తగ్గింది, పోదు. అలవాటైపోతదమ్మా అన్నాడు. అలవాటవడం మంచిదా అని అడగాలనుకున్నాను. బయట చాలామంది ఉన్నారు.

కొయిర్‌కి వయొలిన్ మానేస్తానని బాపుకి చెప్పాను. సరే అనలేదు, వద్దనలేదు. మొదట్లోలాగే. స్కూల్లో మాత్రం ప్రిన్సిపల్‌కి చెప్పి పిల్లలకి పాటలకన్నా తాళం ఎక్కువ నేర్పుతున్నాను. దరువు రెండు చెవులకీ ఒకేలా వినిపిస్తుంది.

మార్చి 19

విద్యాధర్ ఫోన్. జూలైలో హైదరాబాద్‌లో మళ్లీ వాయించమని పిలిచారట. నన్ను రమ్మన్నాడు. ఆ రోజు వాయించినట్టే వాయించు, చివర అట్లనే చెయ్యి, స్కోరు మార్చేసిన అన్నాడు. అది మళ్లీ రాదు, నా చెవి అప్పటిలా లేదు, ఆ చోటు జరిగిపోయింది అన్నాను.  వేరే వయొలిన్ వాళ్లని చూసుకో అన్నాను. వేరేవాళ్లు నాలుగు వాయించగలరు, ఐదోది తీసేస్తా అన్నాడు. పేరు మారుస్తావా అంటే, ఏమో, ఐదు అనే ఉంచుతా అన్నాడు.

నాకు సంతోషమో దుఃఖమో తెలియలేదు. ఫోన్ పెట్టేశాక మంచినీళ్లు తాగాను.

ఏప్రిల్ 30, బుధవారం

మంచి ముహూర్తమట, ఎక్కడ చూసినా పెళ్లిళ్లు. పొద్దున్నే పర్శరాములు ఫోన్. వాళ్ల కీబోర్డు పిలగాడు రెండు పెళ్లిళ్లు ఒప్పుకుని ఒకదానికి ఎగ్గొట్టాడట. పరేషాన్ల ఉన్న మేడం, మీరు జర వయొలిన్ వట్టుకొని రాండ్రి అన్నాడు. నా చెవి సంగతి నీకు తెలియదన్నా అని మొత్తం చెప్పాను. గా డీజే ముంగట ఎవలకు చెవులుంటయ్ మేడం అన్నాడు.

పోయాను. ఇచ్చోడ. ఎర్రకోటు కూడా ఇచ్చారు, భుజాల దగ్గర వదులు. పెళ్లి ఎవరిదో సరిగ్గా తెలియదు. డీజే బండి వెనక, పెళ్లికొడుకు కారు ముందు, నడుస్తూ వాయించాను. బాపు ఫోన్ చేసి ఎక్కడున్నవ్ అని అడిగాడు. చెప్పాను. ఎట్లున్నది అన్నాడు. ఆ చప్పుడులో నేనేమన్నానో నాకే వినపడలేదు. మంచిగున్నది అన్నాననే అనుకుంటున్నాను.